కంపెనీ పంపినవే

మంగళవారం, జూన్ పద్నాలుగు, 2022. ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. కరీంనగర్‌లో ఇరవై తొమ్మిది డిగ్రీలు. ఆకు కదలని ఉక్క, ఆకాశం నిండా మబ్బే గాని చినుకు లేదు. నర్మద పొయ్యి మీద సర్వపిండి గంజును తిప్పుతూ, గట్టు మీది ల్యాప్‌టాప్‌లో భర్త వంశీధర్‌రావు కళాశాల నివేదికను టైపు చేస్తున్నది. ఆయన ప్రిన్సిపాల్. పరిశోధన కేంద్రం ఇవ్వాలా వద్దా అని చూడడానికి శుక్రవారం తనిఖీ కమిటీ వస్తుంది. పదిహేడో పేజీలో ఆమె చేయి ఆగింది.

“ఈ-పుస్తకాల క్యాటలాగు కంపెనీ పంపిన రికార్డులతో, ఏ మార్పూ లేకుండా, లైబ్రేరియన్ కరుణాకర్ పర్యవేక్షణలో నడుస్తున్నది.”

కరుణాకర్ ఆమె ఆడబిడ్డ కొడుకు. కొలువులో చేరి వారమైంది.

రికార్డు అంటే పుస్తకానికి చిరునామా: పేరు, రాసినవారు, భాష, విషయం, తెరిచే లింకు. చిరునామా తప్పితే పుస్తకం ఉండీ లేనట్లే. ఈ-పుస్తకాల కంపెనీ కళాశాల లైబ్రరీకి వేల పుస్తకాలను ఒక్కమారు అమ్మి, వాకిలి ఊడ్చి పోసినట్లు రికార్డులను పంపేది. తెలుగు పుస్తకం భాష తమిళమని ఉండేది. వ్యవసాయం నొక్కితే వ్యాకరణం తెరుచుకునేది. ఇద్దరు రాసిన పుస్తకాలలో రెండో పేరు రాలిపోయేది. అట్లా రాలిన పేర్లు మూడువందల పన్నెండు, అందులో రెండువందల డెబ్బై ఆడవాళ్లవి. వరంగల్‌లో లైబ్రరీ సైన్సు చదివిన నర్మద ఆరేళ్లపాటు, జీతం లేకుండా, ఇంటి పనికీ ఇంటి పనికీ మధ్య, ఒక్కో పుస్తకాన్ని తెరిచి, దాని మొదటి పేజీ చూసి, ఒక్కో రికార్డును దిద్దింది. ఆరువేల రెండువందల పద్నాలుగు. దిద్దిన దాని పక్కన దిద్దనిదాన్నీ భద్రపరచాలని ఆమె గురువు నేర్పారు. కంపెనీ పంపినవన్నీ అట్లాగే ఉంచింది. అత్త ఇందిరాదేవి మాత్రం, “కూసుండి టిక్కుటిక్కుమని కొట్టుడు గూడ పనేనానే?” అనేది.

వంశీధర్‌రావు కండువా దులుపుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

“ఇందులో నా పేరు లేదు,” అన్నది నర్మద.

“నీ పేరెందుకు నర్మదా? మనింటి కాలేజే గదా. కమిటీ ముందల కరుణాకర్ కనవడాలె. నువ్వు కుర్సీల కూసుంటే ఇంట్ల ఎవరు చూస్తరు?”

“ఏ మార్పూ లేకుండా అని రాసిన్రు. నిజమేనా?”

“కంపెనోడు పంపినవే గదా! నువ్వు జర సాపు జేసినవ్, గంతే. నిజమే.”

“అయితే సంతకం పెట్టండి.”

ఆయన పెట్టాడు. సర్వపిండి మాడిందని రెండు మాటలు కూడా అన్నాడు.

మధ్యాహ్నం కరుణాకర్ ఫోన్ చేశాడు. “అత్తమ్మా, కమిటీ ముందల నాకేం పరేషాన్ లేదు గదా? బటన్ ఒత్తుడేనా?”

“అంతే బిడ్డా. ఒత్తుడే.”

గురువారం ఉదయం ఆమె తాను దిద్దిన రికార్డులన్నీ తన దగ్గర ఉంచుకుని, క్యాటలాగులో కంపెనీ పంపినవాటిని తిరిగి పెట్టింది. ఆరేళ్ల పని డెబ్బై నిమిషాలలో పోయింది. కొత్త తప్పు ఒక్కటీ చేర్చలేదు, తాను పెట్టిన కామా ఒక్కటీ వదల్లేదు. భర్త రాసిన అబద్ధాన్ని అక్షరమక్షరం నిజం చేస్తున్నప్పుడు ఆమె చేతుల్లో పసుపు దంచినప్పటి నెమ్మది ఉంది. లోపల మాత్రం ఆరేళ్లుగా పడ్డ మాటలు ఒక్కొక్కటే లేచి, ఒక్కో రికార్డుతో బదులు తీర్చుకుని కూర్చున్నాయి.

శుక్రవారం కమిటీకి ఇంటి వంట కావాలన్నారు. నర్మద చాయ్ పళ్లెంతో లైబ్రరీలోకి వచ్చేసరికి, కమిటీలోని పెద్దావిడ తెలంగాణ బీడీ కార్మికుల మీద పుస్తకం అడిగి ఉన్నది. ఏమీ రాలేదు. పత్తి మీద అడిగింది. తెలుగు పుస్తకాన్ని క్యాటలాగు తమిళమని చూపింది.

కరుణాకర్ చెమట తుడుచుకున్నాడు. “మేడమ్, మా మామయ్య రాసిన మానేరు చరిత్ర చూపిస్త.” నొక్కాడు.

“బాబూ, ఇది కోళ్ల జబ్బుల పుస్తకం గదా?”

వెనుక ఎవరో కిసుక్కుమన్నారు. వంశీధర్‌రావు ముఖం చిట్లించాడు. “మొన్నటిదాంక మంచిగనే వచ్చింది మేడమ్!”

ఆవిడ నివేదికలో పదిహేడో పేజీ తీసింది. “మొన్న ఎట్లా వచ్చిందండీ? ఏ మార్పూ చేయలేదని మీరే సంతకం పెట్టారు. రాసినదైతే నిజమే.”

నర్మద ఆవిడకు చాయ్ అందించింది.

కళాశాల అడిగిన పరిశోధన కేంద్రం రాలేదు. ఆ సంగతి తెలిసినరోజు వంశీధర్‌రావు చెప్పులు విప్పకుండానే ఇంట్లోకి వచ్చాడు.

“నా ఇజ్జత్ తీసినవ్! గంత పగనా నామీద?”

కాదంటుందనీ, ఏడుస్తుందనీ, పొరపాటైందంటుందనీ ఆయన ఎదురు చూశాడు. ఆమె కూడా ఒక క్షణం తనలో తాను వెతుక్కుంది, పగ కాని మరో మాట దొరుకుతుందేమోనని. దొరకలేదు.

“అవును,” అన్నది. “పగనే.”

“మల్ల పెట్టు అవన్ని.”

“నేనేం చేసిన్నని పెట్టాలె? జర సాపు చేసుడే గదా. కరుణాకర్ చేస్తడు.”

ఆ నెలాఖరులో ఆదిలాబాద్‌లోని ఒక కళాశాల ఆమెను లైబ్రేరియన్‌గా తీసుకుంది. కరీంనగర్ కళాశాలలో ఏనాడూ ఉద్యోగిగా రాయలేదు గనుక రాజీనామా రాయవలసిన పని పడలేదు. ఇచ్చోడ మీదుగా వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒడిలోని సంచిని రెండు చేతులతో పట్టుకుని వెళ్లింది.

2025 ఆగస్టు నాటికి నర్మద రికార్డులను అదే కంపెనీ పుస్తకాలు కొన్న పదకొండు కళాశాలలు వాడుకుంటున్నాయి. పన్నెండోదిగా కరీంనగర్‌లోని ఆ కళాశాలే చేరింది. ఆరువేల రెండువందల పద్నాలుగు రికార్డులలోనూ తయారు చేసినవారి పేరు ఉంది.