ఆరో స్పీకరు

హోమ్ థియేటర్ పెట్టించుకునేవాళ్ళలో పదికి తొమ్మిదిమంది ఒకటే తప్పు చేస్తారు. ఎడమ, కుడి స్పీకర్లు మంచివి కొని, మధ్యదానికి చేతికందిందేదో తగిలిస్తారు. తెర మీద మనుషుల మాటలన్నీ వచ్చేది ఆ మధ్యదానిలోంచే. అది వేరే జాతిదైతే, ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ మాట్లాడే మనిషికి దారిలో జలుబు చేసినట్టుంటుంది. ఇరవై ఏళ్ళుగా దుకాణంలో ఇదే మొత్తుకుంటున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే నా వ్యాపారం.

విన్నవాడు ఒక్కడే, మా చెల్లెలి మొగుడు. గోడకు మేకు కొట్టాలన్నా మూడుసార్లు కొలిచే మనిషి కాబట్టి ఇంట్లో అందరం అతన్ని కొలబద్ద అంటాం. నాలుగు వారాల కిందట చెల్లెల్ని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. నేను చెప్పిందంతా తలూపుతూ విన్నాడు.

"ఆరు కావాలి బావా. ఐదు హాల్లోకి, ఒకటి పడగ్గదిలోకి. ఆరూ ఒకే రకం అయ్యుండాలి."

"పడగ్గదిలోకి ఒంటి స్పీకరు ఎందుకు బావా?"

"మీ చెల్లికి పాటలంటే సరదా కదా."

మామూలుగా అయితే చెల్లెలు ఈపాటికి అతన్ని ఆటపట్టించేది. ఆ రోజు చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నేను పట్టించుకోలేదు. నా ముందు స్పీకర్లుంటే నాకు మనుషులు కనపడరు, అదే నా రోగం.

స్పీకర్లు జత కుదిరాయో లేదో చూడటానికి నాదొక పద్ధతి ఉంది. మిషను పెట్టే కుయ్ కుయ్ కూతలతో చేసే టెస్టులు నేను నమ్మను. బాగా తెలిసిన గొంతును ఒక్కొక్క స్పీకరులో వేసి, కళ్ళు మూసుకుని వింటాను. గొంతు ఎక్కడా మారకూడదు. ఆ గొంతు మొదటినుంచీ మా చెల్లెలు చిట్టిదే. పెళ్ళికి ముందు నా కోసం ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి రికార్డు చేసింది.

"అంకెల్లో ఏం తెలుస్తుంది బావా? ఇంట్లో మాట్లాడుకునే మాటలైతే బాగుంటుంది. నీతో మాట్లాడుతున్నట్టే ఉండాలి" అని కొలబద్ద జేబులోంచి కాగితం తీశాడు. పదకొండు వాక్యాలు రాసుకొచ్చాడు. అతని శ్రద్ధకు నేను మురిసిపోయాను.

అప్పటికప్పుడు మైకు పెట్టాను. చిట్టి తలెత్తి చూసింది. "అన్నయ్యా, ఆ ఫ్యాను ఎప్పుడు బాగుచేయిస్తావ్? నాకంటే అదే ఎక్కువ వాగుతోంది." మా దుకాణం ఫ్యాను చుట్టు చుట్టుకీ టక్కుమంటుంది. ఆపితే ఉక్క. ఎవరికి వినపడుతుందిలే అన్నాను. చదవడం మొదలుపెట్టింది. "అన్నయ్యా, వచ్చావా?" "ఒంట్లో బాగోలేదు, పడుకున్నాను." మూడో వాక్యానికల్లా ఆమె ముఖంలో నవ్వు పోయింది. అయినా చివరిదాకా చదివింది. రికార్డింగును కొలబద్ద తన ఫోనులో ఎక్కించుకున్నాడు. ఫోనులోంచే వైరు లేకుండా పాట అందుకునే యాంప్లిఫయరు, ఒక స్పీకరు ఆ రోజే పట్టుకెళ్ళాడు. మిగతా ఐదు తెప్పించాల్సి వచ్చింది.

తరవాతి వారం చిట్టి అమ్మకు ఫోను చేసిందట. "ఆయనతో నాకు పడట్లేదమ్మా, వచ్చేస్తాను" అందట. రాలేదు. మర్నాటి నుంచి ఫోను ముందు కొలబద్దే ఎత్తి, తరవాత ఆమెకు ఇస్తున్నాడు. మూడు వారాలుగా ఆమెను చూసినవాళ్ళు లేరు.

"మాట్లాడుతోందిరా, కాదనను. కానీ నేనొకటి అడిగితే అదొకటి చెబుతోంది. స్పీకర్ల వంకన వెళ్ళి దాన్ని కళ్ళారా చూసి రా" అంది అమ్మ.

ఈ రోజు ఉదయం ఐదు స్పీకర్లూ బండిలో వేసుకుని వెళ్ళాను. తలుపు కొలబద్దే తీశాడు.

"చిట్టి ఏది?"

"జ్వరం బావా. గదిలో పడుకుంది. అంటుకుంటుందని డాక్టరు ఎవర్నీ లోపలికి వెళ్ళొద్దన్నాడు."

పడగ్గది తలుపు మూసి ఉంది. దానికి బయటివైపు కొత్త గొళ్ళెం, చక్కగా కొలిచి బిగించినది. నేను తలుపు దగ్గరకు వెళ్ళేలోపే లోపలినుంచి వినపడింది.

"అన్నయ్యా, వచ్చావా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. గొళ్ళెం సంగతి మరిచి, అమ్మవన్నీ ఉత్త అనుమానాలే అనుకుని పనిలో పడ్డాను. ముందువి మూడు, వెనకవి రెండు స్పీకర్లు డ్రిల్లుతో గోడకు బిగించాను. కొలబద్ద సోఫాలో కూర్చున్నాడు, కుడిచెయ్యి జేబులో. మాట్లాడితే ఊకొట్టాడు తప్ప లేచి కాఫీ నీళ్ళు కూడా పెట్టలేదు. వైర్లు యాంప్లిఫయరుకు కలుపుతూ, "జ్వరం ఎలా ఉందే?" అని కేకేశాను.

"ఒంట్లో బాగోలేదు, పడుకున్నాను."

గొంతు చిట్టిదే. కానీ మాట ఆగాక ఇంకొకటి వినపడింది. టక్. ఆ వెంటనే మళ్ళీ టక్.

ఆ గదిలో ఫ్యాను లేదు. ఏసీ పెట్టిన రోజున ఫ్యానును నేనే విప్పి తీసుకెళ్ళాను.

పదకొండు వాక్యాలూ వరసగా గుర్తొచ్చాయి. రికార్డు చేసింది నేను, జత కుదిర్చింది నేను. నాసిరకం స్పీకరైతే ఆ టక్కును మింగేసేది. నేనిచ్చింది ఏదీ దాచని స్పీకరు. నా వేలితో నా కన్నే పొడిచాడు కొలబద్ద.

స్క్రూడ్రైవరు కింద పెట్టకుండానే అడిగాను. "చిట్టీ, దుకాణం ఫ్యాను బాగుచేయించాను. తెలుసా?"

బాగుచేయించలేదు. ఆ మాట వింటే ఎగతాళి చెయ్యకుండా ఊరుకోదు, నా చిట్టి అయితే. కొలబద్ద జేబులో బొటనవేలు కదిలింది.

"నేను బాగానే ఉన్నానని అమ్మకి చెప్పు." టక్.

"విన్నావుగా బావా" అన్నాడతను. "ఇక దాన్ని పడుకోనీ."

"సరే బావా. ఒక్క వైరు వదులుగా ఉంది, చూసి వెళ్తాను."

గొంతు మామూలుగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. యాంప్లిఫయరు వెనక చెయ్యి పెట్టాను. హాల్లోకి వెళ్ళేవి ఐదు జతల వైర్లు, నేను కలిపినవే. ఆరో జత గోడలో రంధ్రంలోంచి పడగ్గదిలోకి వెళ్తోంది. దాన్ని పీకి చేతిలో పట్టుకున్నాను.

"చిట్టీ, ఇప్పుడు మాట్లాడు."

కొలబద్ద బొటనవేలు కదిలింది. ఇంకోసారి కదిలింది. గదిలోంచి ఏమీ రాలేదు. అతను సోఫాలోంచి లేచాడు. అతని ముఖంలో కోపం లేదు, కొలత తప్పిన మనిషి చిరాకు మాత్రమే ఉంది. వెళ్ళి వీధి తలుపుకు గడియ వేశాడు.

ఆమె ఇక లేదనుకున్నాను. అప్పుడు పడగ్గది తలుపు కింద, నేలకు ఆనుకుని, ఎవరో గోటితో చెక్కను గీరారు. ఆగి, మళ్ళీ గీరారు.

ఆ చప్పుడు నా రికార్డింగులో లేదు. నేను డ్రిల్లు చేతిలోకి తీసుకుని ఆ గొళ్ళెం వైపు నడిచాను.