మోకాలెత్తు ట్యూబా

పెట్టె విప్పగానే లోపేటికి నవ్వాగలేదు. ఆ దీవి ఊళ్లో అందరినీ ఆటపట్టించే తనని ఆటపట్టించినవాడు ఇన్నాళ్లకి దొరికాడు. చర్చి బ్యాండుకని ఫోనులో కొన్న ట్యూబా, భుజాన వేసుకుంటే తల మీదుగా గొడుగులా విచ్చుకోవాల్సిన ఇత్తడి బాకా, మోకాలెత్తయినా లేదు. పైగా ప్లాస్టిక్కు!

"పిల్ల దిగింది, తల్లి ఓడలోనే ఉండిపోయిందేమో చూడండ్రా!"

బ్యాండువాళ్లు పడిపడి నవ్వారు. అతని అక్క మెలేఆనె నవ్వలేదు. ఆ డబ్బు ఆమె సంఘం ఆడవాళ్లు బెరడు చితక్కొట్టి, బట్ట చేసి, అమ్మి కూడబెట్టింది. పిల్లల ఆదివారం ఊరేగింపు దగ్గర పడింది.

లోపేటి అక్క చేతికి ట్యూబా ఇచ్చి ఫొటో తీసి ఫిర్యాదు పెట్టాడు. కొన్నది ఫోనులోని పేరున్న అంగడిలోనే, కానీ అమ్మినవాడు ఏ సముద్రం అవతలివాడో. వాడి నుంచి తియ్యటి కబుర్లు మొదలయ్యాయి. ప్రియ మిత్రమా, పదో వంతు వెనక్కిస్తాం. వద్దన్నాడు. పావు వంతు. వద్దన్నాడు. సరే సగం, ముందు ఫిర్యాదు మూసెయ్యండి.

"మూసెయ్యరా. సగమైనా దక్కుతుంది," అంది మెలేఆనె.

"మూస్తే మళ్లీ తెరవనివ్వరక్కా. ఫిర్యాదు గడువు సగం ఓడలోనే అయిపోయింది. మిగతాది వీడు కబుర్లతో తినేస్తున్నాడు."

"నేను చెప్తున్నానా లేదా?"

పాస్టరు గారి మీద కూడా జోకులేసే లోపేటి అక్క ముందు మాత్రం పిల్లి. ఆ ఊళ్లో అక్క మాటకి ఎదురు చెప్పిన తమ్ముడు లేడు. బొటనవేలు ఫిర్యాదు మూసే మీట దాకా పోయింది. అంతలో అమ్మినవాడి నుంచి ఇంకో సందేశం టింగుమంది.

"ఏమంటాడు?"

లోపేటి గొంతు సవరించుకుని చదివాడు. "వాద్యం సరైన కొలతదే. ఫొటోలో ఆవిడ మరీ పెద్దగా ఉన్నందువల్ల చిన్నదిగా కనిపిస్తోంది."

బ్యాండువాళ్లలో ఎవరో నవ్వుని బాకాలో దాచుకున్నారు.

"నువ్వు కల్పించావు కదూ?"

"దేవుడి తోడక్కా, ఇంత బాగా నాకు రాదు!"

ఆమె ఫోను లాక్కుని తనే చదివింది. రెండోసారీ చదివింది.

"మూయకు."

"సగం..."

"సగం వాడి మొహాన కొట్టు! చర్చికిచ్చిన పెండలం దుంప పట్రండి. వీడియో తియ్యరా."

నడుమెత్తు దుంప పక్కన ట్యూబాని నిలబెట్టి, నడుం మీద చెయ్యేసుకుని చెప్పింది. "ఇది దుంప. ఇది మీ ట్యూబా. నేను పెద్దదాన్నే. మా దుంప కూడా పెద్దదేనంటారా? మొత్తం డబ్బు ఇవ్వండి."

"అమ్మినవాడికి పంపనా?"

"వాడితో మనకి మాటలేంట్రా? అంగడివాళ్లకే పంపు."

పైసాతో సహా డబ్బు వెనక్కొచ్చింది. అసలైన ట్యూబా మాత్రం ఊరేగింపుకి అందలేదు. లోపేటి ఆ ప్లాస్టిక్కు బాకానే మూతికి పెట్టుకుని, నోటితోనే "భోం భోం" అంటూ ముందు వరసలో నడిచాడు. అతని జేబులో ఫోను టింగుమంది.

"రేటింగులో ఒక్క నక్షత్రమే ఇచ్చామని అమ్మినవాడు ఏడుస్తున్నాడక్కా. ఐదు ఇస్తే బహుమతి పంపుతాడట."

"ఏం బహుమతి?"

"ఇంకో ట్యూబా."

"ఆ నక్షత్రం కింద దుంప వీడియో పెట్టు," అంది మెలేఆనె. "నువ్వు గట్టిగా ఊదు, నాకు వినబడట్లేదు."