అబ్బాయివైపు స్కోరు

మా అక్క కూతురు బిందు బాపట్లలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు కింద క్విజ్ యాప్ తయారుచేసింది. తెర మీద ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. ఒప్పు నొక్కితే పచ్చరంగు, తప్పు నొక్కితే ఎరుపు, పక్కన స్కోరు. దాన్ని నిజమైన మనుషుల చేత ఆడించి వీడియో తీసుకు రమ్మన్నారట. అంతమంది నిజమైన మనుషులు ఒకేచోట ఎక్కడ దొరుకుతారని అది దిగులుపడుతుంటే, "నీ నిశ్చితార్థంలో," అన్నాను.

పెళ్ళికొడుకు విష్ణువర్ధన్‌ది రేపల్లె. ఫంక్షన్ తెనాలిలో. తాంబూలాలకీ భోజనాలకీ మధ్య జనం ఒకరి చీర ధర ఒకరు అంచనా వేసుకునే ఖాళీ ఒకటుంటుంది కదా, అందులో పెడదామన్నాను. అమ్మాయివైపు ఒక జట్టు, అబ్బాయివైపు ఒక జట్టు. ప్రశ్నలు రెండు కుటుంబాల గురించే. అవి పోగుచేసే పని నేనే తీసుకున్నాను. దానికి నా డిగ్రీ అక్కర్లేదు, ఫోను చాలు.

ముందురోజు మా బావగారు వెంకట్రామయ్య గారు కూతురి లాప్‌టాప్‌లోకి తొంగిచూశారు.

"ఇందులో వాళ్ళు ఓడిపోతే ఏంటమ్మా?"

"ఓడిపోతారు నాన్నా. క్విజ్ కదా."

"మగపెళ్ళివాళ్ళమ్మా! మన హాల్లోకి పిలిచి, అన్నం పెట్టకముందే ఓడిస్తామా? ఆ అబ్బాయి మేనమామగారు అసలే పట్టింపు మనిషి. నువ్వే కదా రాసింది, ఏదో ఒకటి చెయ్యి."

బిందు నావైపు చూసింది. నేను తమలపాకులు తుడవడంలో మునిగిపోయాను. చివరికి ఏదో టకటకా కొట్టింది. ఏంటే అది అనడిగాను.

"అబ్బాయివైపు వాళ్ళు వెనకబడ్డారనుకో, ఏది నొక్కినా ఒప్పే అవుతుంది పిన్నీ."

"మన ఇళ్ళల్లో కంప్యూటర్లు రాకముందు నుంచీ నడుస్తున్నదేగా."

అది నవ్వలేదు. "ఇంతవరకూ అతనితో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. పెళ్ళి కాకుండానే మొదలుపెట్టేశాను," అంది.

మర్నాడు హాల్లో పెద్ద తెర మీద ఆట మొదలైంది. నేను ప్రశ్న చదవడం, జట్లు అరవడం, బిందు నొక్కడం. మావాళ్ళు ముందుకెళ్ళినప్పుడల్లా వాళ్ళ స్కోరు వెనకే పరిగెత్తుకొచ్చి కలుసుకుంటోంది. బావగారి మొహం వెన్నెల.

"అబ్బాయి చిన్నప్పుడు ఏ కూర వండితే ఇంట్లోంచి పారిపోయేవాడు?" అని చదివాను. జవాబు వాళ్ళ నాయనమ్మ దుర్గాంబ గారిని ఫోనులో అడిగి రాసుకున్నదే. ఆవిడ నోరు తెరిచేలోగా మేనమామ సీతారామాంజనేయులు గారు లేచి, "కాకరకాయ! నా మేనల్లుడి సంగతి నాకు తెలీదూ?" అన్నారు. తెర పచ్చబడింది. చప్పట్లు.

"మావయ్యా, కాకరకాయంటే నాకు ప్రాణం. నేను పారిపోయింది దొండకాయకి," అన్నాడు విష్ణువర్ధన్. తర్వాత తెరవైపు చూశాడు. "తప్పు జవాబుకి మాకు మార్కెలా పడింది?"

మంచివాడూ, తప్పులు పట్టేవాడూ మొదట్లో ఒకేలా ఉంటారు. విడదీసి తెలుసుకోవడానికి కాపురం చెయ్యాలి.

"ఏసీ సరిపోక మెషీను వేడెక్కింది బాబూ," అన్నాను.

"వేడెక్కలేదు పిన్నీ." బిందు లేచి నిలబడింది. "మీరు ఓడిపోకుండా నేనే అలా రాశానండి."

నాన్న చెప్పారని అనలేదు. బావగారు ఎవరో పిలిచినట్టు వంటవాళ్ళవైపు నడిచారు.

దుర్గాంబ గారే ముందు తేరుకున్నారు. "మమ్మల్ని దయతలచి గెలిపిస్తున్నావటమ్మా? అదేదో తీసెయ్. మళ్ళీ ఆడదాం, ఓడితే ఓడతాం. ఆకలి మాత్రం ఆగదు, కానివ్వు."

బిందు లాప్‌టాప్‌లో తను రాసిన ఆ వరుస చెరిపేసింది. మిగిలిన ప్రశ్నలతో మళ్ళీ ఆడారు, వాళ్ళు ఓడిపోయారు. మేనమామగారు స్వీటు వద్దన్నారు. బావగారు బతిమాలితే ఒకటి, మళ్ళీ బతిమాలితే ఇంకోటి తిన్నారు.

భోజనాల దగ్గర పిల్లనీ పిల్లాణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టారు. పప్పు గిన్నె పట్టుకుని ఆ వరుస నేనే తీసుకున్నాను.

"నేను పట్టుకోకపోతే, తర్వాతైనా నాకు చెప్పేదానివా?" అని మెల్లిగా అడిగాడతను.

చెప్పేదాన్నంటే సరిపోయేది. నేనైతే అదే అనేదాన్ని. బిందు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది.

"తెలియదండి."

అతను నొచ్చుకున్నట్టే ఉంది. నీళ్ళు తాగాడు. గ్లాసు పెట్టి, "ఆ మార్కు నా గురించిన ప్రశ్నకి కాకుండా వేరే దేనికో పడుంటే, గెలుస్తున్నాం కదా అని నేనూ ఊరుకునేవాణ్ణేమో. నాకూ తెలియదు," అన్నాడు.

బిందు తలెత్తి అతన్ని చూసింది. నా గిన్నెలో పప్పు ఎప్పుడో అయిపోయింది. అయినా నేను కదల్లేదు.