దేవుడి డబ్బాలో బియ్యం

సువార్తమ్మ వేలి మీద దూది అద్ది, మిషన్లో అంకె చూసి, షుగరు బాగా పడిపోయిందన్నాడు ఆర్‌ఎంపీ డాక్టరు. అన్నం తినకుండా షుగరు బిళ్ళలు మింగితే కళ్ళు తిరక్క ఏమవుతాయని కసిరాడు. కుళాయి దగ్గర బిందెతో సహా కూలబడిన అత్తను ఇరుగు పొరుగు వాళ్ళు ఇక్కడికి మోసుకొచ్చారని ఫోనొస్తే, గ్లోరి గంపలగూడెం పత్తి చేలోంచి ఉన్నపళంగా బస్సెక్కి వచ్చింది. ఆమె జుట్టులో ఇంకా పత్తి పింజలున్నాయి.

"పెద్దావిడకి అన్నం పెట్టట్లేదా మీరు?" అన్నాడు డాక్టరు, బెంచీ మీద కూర్చున్న నలుగురూ వినేలా.

"పొద్దున తింటదండి. సాయంత్రాలు ఉపవాసం. ప్రార్థనలో ఉంది," అంది గ్లోరి. ఆ మాట అబద్ధం కాదు. అయినా చెబుతుంటే ఆమెకు మొహం చెల్లలేదు.

ఆ ఉపవాసం మొదలై పదిరోజులైంది. ఇంట్లో కొట్టు సామాను మానేసి మూడు వారాలైంది. అకాల వానలకు పత్తి తడిసి నల్లబడింది. కిలోకి పదిహేను రూపాయల చొప్పున రోజుకు ముప్పై కిలోలు ఏరే చేతికి ఇప్పుడు పది కిలోలు ఏరడమే గగనమైంది. గ్లోరి మొగుడు ప్రేమ్ కిరణ్ తిరువూరు నుంచి గంపలగూడెం షేర్ ఆటో నడుపుతాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక అతని ఆటోలో వెనక సీటు ఖాళీ. పొద్దున్నే ఆ బస్సెక్కే వాళ్ళలో సొంత పెళ్ళాం కూడా ఉంది, ఎవర్నని ఏం లాభం.

ఈ నెల కొట్టు గడప తొక్కొద్దని, ఇంట్లో ఏముంటే అదే ఊడ్చి వండుకుందామని అతనే అన్నాడు. గ్లోరి దాన్ని పంతంగా తీసుకుంది. అటక మీది డబ్బాలన్నీ దించింది. పురుగు పట్టిన రవ్వ జల్లించి ఉప్మా చేసింది. ఎప్పటివో ఉలవలు ఉడకబెట్టి మూడు రోజులు చారు కాచింది. అడుగున మిగిలిన మినప్పప్పు, శెనగపప్పు కలిపి పచ్చడి నూరింది. పిల్లలు మొదట మూతి విరిచి, తరువాత ఆకలికి తలొంచారు. నూనె ప్యాకెట్టు నూట యాభై, కందిపప్పు నూట ముప్పై అని తలుచుకుని, వాటి మొహం చూడకుండా వారం గడిపినందుకు ఆమెకు కాస్త గర్వం కూడా కలిగింది.

బియ్యం దగ్గరే ఆ గర్వం ఆగిపోయింది. కార్డులో పిల్లల పేర్లు ఎక్కలేదు. ముగ్గురికొచ్చే పదిహేను కిలోల రేషన్ ఐదుగురికి ఎన్నాళ్ళొస్తుంది? సంచిలో చెయ్యి పెడితే అడుగు తగిలే రోజున, గ్లోరి కళ్ళు పొయ్యి పక్కనున్న పాత డాల్డా డబ్బా మీద పడ్డాయి.

అది దేవుడి డబ్బా. వాళ్ళ పేటలో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి అందులో వేస్తారు. నెలాఖరు శనివారం సంఘపెద్ద లాజరు మాస్టారు సంచితో వచ్చి పోయించుకుంటాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరింటివి ఎన్నో పేర్లు చదివి, చర్చి వాకిట్లో ఆ బియ్యానికి వేలం పాట పెడతారు. ఎక్కువసార్లు బస్టాండు దగ్గరి టిఫిను హోటలాయనే పాడుకుని, నానబెట్టి దోసెలు పోస్తాడు. ఆ డబ్బుతో చర్చికి ప్రహరీ లేస్తోంది. ఆ దోసె కొనుక్కోలేని వాళ్ళ పిడికిళ్ళతోనే ఆ గోడ సగం దాకా వచ్చింది.

అత్త కుళాయికి వెళ్ళినప్పుడు గ్లోరి మొదటిసారి ఆ డబ్బాలోంచి ఒక గ్లాసు బియ్యం తీసింది. క్షమించు ప్రభువా అనుకుంటూనే ఎసట్లో పోసింది. మర్నాడూ తీసింది. మూడోనాడు మూత తీసి చూస్తే బియ్యం తగ్గలేదు. నాలుగోనాడూ అంతే. గ్లోరికి ఒళ్ళు గగుర్పొడిచింది. తన బాధ చూసి దేవుడే నింపుతున్నాడని నమ్మింది. అలా నమ్మాక క్షమాపణ అడగడం మానేసింది.

సాయంత్రం వంట సువార్తమ్మది. ఆటోకి బేరాలు కుదరాలని సాయంత్రాలు ఉపవాస ప్రార్థన పట్టానని ఆమె చెబితే, గ్లోరి సరేనంది. పైకి సరేనని, లోపల ఒక పూట అన్నం మిగిలిందని లెక్క వేసుకుంది. డాక్టరు బల్ల ముందు నిలబడి ఉండగా ఆ లెక్క గుర్తొచ్చి, తన మీద తనకే అసహ్యం వేసింది.

గ్లూకోజుకూ ఫీజుకూ మూడొందలైంది. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టి, గ్లోరి పొయ్యి వెలిగించింది. సంచి దులిపితే రెండు గ్లాసులు రాలాయి. కడగబోతుంటే వెనక నుంచి సువార్తమ్మ నీరసంగా పిలిచింది.

"అందులో నా గ్లాసు తీసి డబ్బాలో పొయ్యవే. ఇయ్యాల మాస్టారొస్తారు."

"నీ గ్లాసేంటత్తా?"

"దేవుడి డబ్బా తగ్గిపోతంది. ఎలకలు పడ్డయ్యో ఏమో. నలుగుర్లో మనింటి బియ్యం తక్కువైతే తలెత్తుకోలేం గదా. సాయంత్రం నా వంతు అందులో పోస్తన్నా. ఉపవాసం కూడా కలిసొచ్చింది."

గ్లోరి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నింపింది దేవుడు కాదు. పది రోజులుగా పిల్లలకు పెట్టింది, మొగుడికి కట్టిచ్చింది, తను తిన్నది ఈ ముసలిదాని నోటి కూడు. ఎలకలన్న మాట అత్త నిజంగా నమ్మి అందో, కోడలి పరువు కాపాడటానికి అందో ఆమె మొహంలో తెలియలేదు. గ్లోరి సువార్తమ్మ చెప్పినట్టు చేయలేదు. రెండు గ్లాసులూ ఎసట్లో పోసేసింది.

అన్నం వారుస్తుండగా లాజరు మాస్టారు వచ్చాడు. మంచి మనిషే. సువార్తమ్మ ఆరోగ్యం అడిగాడు, తలుపు దగ్గరే నిలబడి చిన్న ప్రార్థన కూడా చేశాడు. ఆమేన్ అన్నాక సంచి మూతి విప్పాడు.

"ఈ నెల ఇవ్వమండి మాస్టారండీ," అంది గ్లోరి.

ఉన్నంతే పొయ్యమ్మా, రేపు పేర్లు చదివేటప్పుడు మీ ఇంటిది లేకపోతే బాగుండదని ఆయన మెల్లగా నచ్చజెప్పాడు. అత్త మంచం మీద నుంచి లేవబోయి, ఇచ్చెయ్యవే అంది.

"ఎలకలు కాదత్తా. నేనే తీశా," అంది గ్లోరి. "పది పన్నెండు రోజుల్నించీ రోజూ తీశా. దొంగని నా పేరు చదవాలంటే చదవమనండి మాస్టారండీ. డబ్బాలో ఉన్నది మా అత్త తినాల్సిన బియ్యం. దాన్ని పాటకి పంపను. వచ్చే నెలా పంపను."

లాజరు మాస్టారు సంచి మడుచుకుని పక్కింటి వైపు వెళ్ళాడు. పక్కింటావిడ తన డబ్బాతో అప్పటికే వాకిట్లో నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది. ఆమె వెంటనే మూత తీయలేదు.

గ్లోరి పళ్ళెంలో అన్నం పెట్టి ఉలవచారు పోసి మంచం దగ్గర కూర్చుంది. సువార్తమ్మ గోడవైపు తిరిగి ఉంది.

"ఎంత పని చేశావే. దేవుడికి ఏం చెప్పుకోను?"

"నేను చెప్పుకుంటాలే. నువ్వు తిను, బిళ్ళ వేసుకోవాల."

ముసలిది కదల్లేదు. గ్లోరి ముద్ద కలిపి చెయ్యి చాచింది. చాచిన చెయ్యి నొప్పెట్టేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.