అద్దానికి మొక్కని దీవి

నేను ఒక ఇంగ్లీషు నవలను. ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు, మీద ఓడ బొమ్మ. నన్ను రాసిన పెద్దమనిషికి పడవెక్కితే వాంతులు. లండన్‌లో చలిమంట పక్కన కూర్చునే నన్ను పూర్తి చేశాడు. అయినా నాలోని కెప్టెన్ ఒంటిచేత్తో తుఫాను దాటేస్తాడు. అతను చేరిన దీవిలో నల్లవాళ్లంతా మోకాళ్ల మీద పడి ఏడుస్తుంటారు. చాలాకాలం అదంతా నిజమేననుకున్నాను. పుస్తకానికి తన పేజీలే కదా లోకం!

ఒక దొర పెట్టెలో భీమునిపట్నం చేరాను. ఆయన స్వదేశం వెళుతూ నన్ను వకీలు భైరవమూర్తిగారికి ఇచ్చిపోయాడు. మూర్తిగారికి రావుబహదూర్ బిరుదు మీద గంపెడాశ. నన్ను తెలుగు నాటకంగా మార్చి, కెప్టెన్ వేషం తానే కట్టి, జిల్లా దొరను ముందు వరసలో కూర్చోబెట్టారు. దీవి రాజు వేషానికి పడవ నడిపే నూకన్నను పిలిచారు. ఒంటికి మసి, తలకు కోడి ఈకలు. కెప్టెన్ అద్దం చూపించగానే హడలిపోయి కాళ్ల మీద పడాలి. అంతే పాత్ర.

ఆ ఘట్టం రానే వచ్చింది. నూకన్న మోకాళ్లు వంచబోతుండగా జనంలోంచి అతని భార్య మాసేనమ్మ గొంతు లేచింది.

"ఓలమ్మో! అద్దం నువ్వెప్పుడూ సూణ్ణేదేటి? పొద్దున్నే గదా మీసం దువ్వుకున్నావు!"

పందిరంతా గొల్లుమంది. నూకన్న వంగినవాడు వంగినట్టే ఆగాడు. భార్యను చూశాడు, దొరను చూశాడు. నిటారుగా లేచి, అద్దం అందుకుని, ఈకలు సర్దుకున్నాడు.

"బాగుంది బాబూ. దువ్వెన కూడా తెచ్చారేటి?"

దొర టోపీ తీసుకుని చరచరా వెళ్లిపోయాడు. ఆయన వెనకే బిరుదూ వెళ్లిపోయింది.

"నా కొంప ముంచావురా!" అన్నారు మూర్తిగారు తెర వెనక తల పట్టుకుని.

"తప్పయిపోనాది బాబూ. మా ఆడది సూస్తుండగా పడనేకపోనాను."

బయట జనం మిగతా నాటకం ఆడమని ఒకటే ఈలలు. మూర్తిగారు నన్ను తెరిచి చూసి, టప్పున మూసేశారు. "పద" అన్నారు.

చివరి రంగంలో కెప్టెన్ జెండా పాతి, దీవి తమ రాణిగారిదని చాటాలి. మూర్తిగారు జెండా కర్ర ఎత్తి, ఆగి, నూకన్న వైపు తిరిగారు.

"ఏమయ్యా, ఇక్కడ పాతుకోవచ్చా?"

ఆ మాట నాలో ఎక్కడా లేదు.

"అక్కడొద్దు బాబూ, సేపలెండేసుకునే సోటది. కర్ర మాత్రం ఇచ్చీండి, వల ఆరేసుకుంటాం."

చప్పట్లకు పందిరి అదిరింది. అందరికంటే పెద్దగా నవ్వింది మూర్తిగారే.

నాలో మాత్రం ఆ జెండా ఇప్పటికీ ఎగురుతూనే ఉంది. ఇప్పుడు నేనుంటున్న గ్రంథాలయం బీరువాలో చెదలు ఆ పేజీ దాకా వచ్చాయి. నేను అడ్డు చెప్పడం లేదు.