శుభ్రతకు రెండు స్టార్లు

ఎస్తేరు బాత్రూం గోడలకు మూడోసారి యాసిడ్ పోసి రుద్దుతోంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టిన పని, పదకొండు దాటినా తెమలలేదు. మూతికి కొంగు కట్టుకున్నా ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. కుడిచేతి వేళ్ళ సందుల్లో తోలు పొరలు పొరలుగా లేచిపోయింది. పలకల మధ్య గీతల్ని పాత పళ్ళ బ్రష్షుతో తోమి, నీళ్ళు కొట్టి, వంగి చూసింది. తెల్లగా ఉన్నాయి. నిన్న కూడా ఇంత తెల్లగానే ఉన్నాయి.

"అవ్వా, ఇగ సాలు. కిందికి రా," అని కూతురు వెన్నెల మెట్ల మీద నిలబడి పిలిచింది.

"ఏం రాసిండ్రో మళ్లొక్కసారి సదువు."

"రాత్రి సదివిన గద."

"మళ్ల సదువు. మురికి ఏడున్నదో రాసిండ్రేమో."

వెన్నెల ఫోను తీసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చదివింది. "భోజనం చాలా బాగుంది. ఇంటివాళ్ళు మర్యాదస్తులు. గుడికి దగ్గర. శుభ్రత విషయంలో మాత్రం కొంచెం ఇబ్బందిగా అనిపించింది." భోజనానికి అయిదు స్టార్లు. మర్యాదకు అయిదు. శుభ్రతకు రెండు.

"ఇబ్బంది ఏడ అనిపించింది? బాత్రూమ్ల్నా, దుప్పట్లల్నా?"

"అది రాయలే అవ్వా."

ఎస్తేరు మళ్ళీ బ్రష్షు అందుకుంది.

చిల్కూరులో వాళ్ళ ఇంటి మేడమీద ఉన్నవి రెండే గదులు. గుడికి వచ్చేవాళ్ళు, శని ఆదివారాలు ఊరి గాలి కోసం సిటీనుంచి వచ్చేవాళ్ళు ఫోనులో యాప్ చూసుకుని వచ్చి దిగుతారు. గదికి రోజుకు పద్నాలుగు వందలు. అందులో యాప్ తన వాటా కోసుకుంటుంది. భోజనం కావాలంటే మనిషికి నూటయాభై. ఎస్తేరు భర్త స్వామిదాసు మొయినాబాదుకూ చిల్కూరుకూ మధ్య ఆటో నడుపుతాడు. డీజిలు పోను ఆ సంపాదన బియ్యానికీ కరెంటు బిల్లుకూ సరిపోతుంది. చేవెళ్లలో వెన్నెల డిగ్రీ చదువు సాగుతున్నది ఈ రెండు గదుల మీదనే.

శుభ్రం చేయడం ఎస్తేరుకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. తొమ్మిదేళ్ళు గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసింది. నెలకు తొమ్మిదివేల అయిదువందలు. నాలుగో అంతస్తు మొత్తం ఆమెదే. రెండు గంటలకొకసారి కడిగి, తలుపు వెనక వేలాడే కాగితం మీద సంతకం పెట్టేది. తొమ్మిదేళ్ళలో ఆ కాగితం మీద ఆమె పేరు పక్కన ఒక్క ఫిర్యాదు పడలేదు. కరోనాలో ఆఫీసులు ఖాళీ అయ్యాక కాంట్రాక్టరు నలభైమందిని ఒకేరోజు వద్దన్నాడు. చేతికొచ్చిన పీఎఫ్ డబ్బు పెట్టి మేడమీద గదులు వేసుకున్నారు. యాప్‌లో ఇల్లు ఎక్కించి పెట్టిన కుర్రవాడు స్వామిదాసు పేరును సగానికి కోసి 'స్వామి హోమ్ స్టే' అని రాశాడు. అప్పుడు అందరూ నవ్వుకున్నారు.

మొదటి నాలుగు నెలలు నాలుగు పాయింట్ తొమ్మిది ఉండేది. వచ్చినవాళ్ళు భోజనం కూడా అడుగుతున్నారని కింద హాల్లో వండి పెట్టడం మొదలుపెట్టారు. అప్పటినుంచి తగ్గుతూ వచ్చి ఇప్పుడు నాలుగు పాయింట్ నాలుగు దగ్గర నిలిచింది. నాలుగు పాయింట్ మూడు కంటే దిగితే ఇల్లు ఎవరికీ కనబడకుండా ఆపేస్తామని కంపెనీనుంచి సందేశం వచ్చింది. వచ్చే నెల బుకింగులు ఇప్పటికే సగానికి పడిపోయాయి.

ఆ మధ్యాహ్నం వెన్నెల నోటుబుక్కు ముందు పెట్టుకుని రివ్యూలన్నీ ఒక వరసలో రాసింది. స్వామిదాసు ఆటో నీడకు పెట్టి అన్నానికి వచ్చేసరికి ఆమె ఇంకా ఆ కాగితాన్నే చూస్తోంది.

"బాపూ, గిది ఇను. పైన రూముల ఉండి, అటే పోయినోళ్లు పంతొమ్మిది మంది. అందరు శుభ్రతకు అయిదిచ్చిండ్రు. కింద కూసొని తిన్నోళ్లు పన్నెండు మంది. అండ్ల తొమ్మిది మంది రెండో మూడో ఇచ్చిండ్రు."

"అంటే వంటింట్ల మురికున్నదా?" ఎస్తేరు అప్పటికప్పుడే లేచి నిలబడింది.

వెన్నెల పెన్ను పక్కన పెట్టింది. హాల్లో గోడవైపు చూసింది. అక్కడ ఏసుప్రభువు పటం, దాని పక్కన అంబేద్కర్ ఫొటో. వాటి కింద సిమెంటు గట్టు మీద నల్ల అట్ట బైబిలు.

స్వామిదాసు అన్నం కలుపుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు. "నాకు ఎప్పుడో ఎర్కే. తిననీకె కూసున్నోళ్ల కండ్లు యాడికి పోతయో నేను సూస్తలేనా? ముందుగాల పటం సూస్తరు. తర్వాత నీ దిక్కు సూస్తరు. అటెన్క నువ్విచ్చిన గిలాస పక్కకు జరిపి వాళ్ల సీసల నీళ్లు తాగుతరు."

"మరి నాకెందుకు సెప్పలే?"

"సెప్తె ఏం జేస్తవు? బాత్రూమ్ల పొయ్యనీకె యాసిడున్నది. దీనికేం పోస్తవు?"

ఎస్తేరు కూర్చుంది. పొరలు లేచిన వేళ్ళను ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. ఆమెకూ తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు పెద్దోళ్ళ ఇంటి వాకిట్లో దోసిట్లో నీళ్ళు పోయించుకుని తాగిన మనిషే. కాకపోతే ఈ కాలం అది కాదనుకుంది. ఫోనులో గది తీసుకుని, దండం పెట్టి పలకరించి, "మీ చేతి పప్పు బ్రహ్మాండం" అని పొగిడి వెళ్ళేవాళ్ళు అట్లా ఆలోచిస్తారని నమ్మడం కంటే, తన ఇంట్లో ఎక్కడో మురికి ఉందని నమ్మడమే ఆమెకు తేలిక అయింది.

వెన్నెల ఊరుకోలేదు. ఈ మార్కులు మా ఇంటి మురికికి కాదు, మా కులానికి వేస్తున్నారని కంపెనీకి వివరంగా రాసి పంపింది. అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఆ రివ్యూల్లో తమ నిబంధనలకు విరుద్ధమైన మాట ఒక్కటీ లేదు, కనుక తొలగించలేం అన్నారు. శుభ్రత పెంచుకోవడానికి ఏడు చిట్కాలు కూడా కింద ఇచ్చారు. బాత్రూం మూలల్ని మరువవద్దు అన్నది మొదటిది.

"పటాలు తీసి లోపటి అర్రల పెడ్దం," అంది ఎస్తేరు మర్నాడు.

"ఎందుకు? మనమేమన్న దొంగతనం జేసినమా?" వెన్నెల గొంతు పెంచింది.

"గదులు బందైతే ఏం తింటం బిడ్డా? నీ ఫీజెవ్వలు గడ్తరు? పటం దించితె ప్రభువు యాడికి పోడు. మన దిక్కే ఉంటడు."

స్వామిదాసు బల్ల ఎక్కి పటాలు దించాడు. గుడి బయట దుకాణంలో మూడువందల యాభై పెట్టి వెంకటేశ్వరస్వామి పటం కొనుక్కొచ్చి అదే మేకుకు తగిలించాడు. పేరు అడిగితే ఏం చెప్పాలన్నది మిగిలింది. ఎస్తేరు కొంచెంసేపు ఆలోచించి, "ఈశ్వరమ్మ అంటె అయితదా?" అని కూతుర్ని అడిగింది. వెన్నెల లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం కూకట్‌పల్లినుంచి గంగాధరరావు, ఆయన భార్య జానకీదేవి, అయిదేళ్ళ మనవడు విహాన్ కారులో దిగారు. గుంటూరు వైపునుంచి వచ్చి పాతికేళ్ళ కిందట ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద మేనేజరు. గుడిలో మొక్కు తీర్చుకోవడానికి రెండు రోజులు ఉంటామన్నారు.

ఎస్తేరుకు ముందురోజు రాత్రినుంచే జ్వరం. వెన్నెల పొద్దున్నే పరీక్షకు చేవెళ్ల వెళ్ళిపోయింది. మేడమీద దుప్పట్లు మార్చడం ఒక్కటే చేయగలిగింది ఎస్తేరు. బాత్రూంలో రెండు చెంబుల నీళ్ళు కుమ్మరించి, గోడ పట్టుకుని దిగివచ్చింది. చీపురు ముట్టుకోలేదు.

భోజనాల వేళ జానకీదేవి గోడమీది పటానికి దండం పెట్టుకుని కూర్చుంది. "నీ పేరేంటమ్మా?"

"ఈశ్వరమ్మ."

"అయ్యో, అదేంటి ఈశ్వరమ్మా, నిలబడలేకపోతున్నావు?" ఆమె లేచివచ్చి ఎస్తేరు నుదుటిమీద చెయ్యి పెట్టింది. "ఒళ్ళు కాలిపోతోంది! ఇంత జ్వరంతో వండావా? నువ్వు కూర్చో. రాత్రికి చారు నేను పెడతాను."

అన్నట్టే వంటింట్లోకి వచ్చింది. పోపుల డబ్బా తనే వెతుక్కుంది. ఎస్తేరుకు పక్కనే పీటమీద కూర్చుని తన మోకాళ్ళ నొప్పుల గురించి, మనవడి అల్లరి గురించి చెప్పింది. మాత్ర ఇచ్చి, ఎస్తేరు మింగేదాకా చూసింది. అంత ఆప్యాయంగా తన ఒంటిమీద పరాయి మనిషి చెయ్యి పడటం ఎస్తేరు ఎరగదు. ఆ చెయ్యి చల్లగా ఉంది. అది ఈశ్వరమ్మకోసం వచ్చిన చెయ్యి అని గుర్తొచ్చినప్పుడల్లా ఆమె తల వంచుకుంది.

వెళ్ళేరోజు జానకీదేవి జాకెట్టు గుడ్డ, రెండు అరటిపండ్లు ఆమె చేతిలో పెట్టి బొట్టు పెట్టింది. సాయంత్రానికి రివ్యూ వచ్చింది. వెన్నెల చదివింది.

"ఇల్లు అద్దంలా ఉంది. ఈ చుట్టుపక్కల ఇంత శుభ్రమైన చోటు చూడలేదు. కళ్ళు మూసుకుని పిల్లల్ని తీసుకెళ్ళవచ్చు." అన్నిటికీ అయిదు. శుభ్రతకూ అయిదు.

ఎస్తేరు మెల్లగా మేడ ఎక్కింది. బాత్రూం తలుపు తీసి చూసింది. నీళ్ళు పోయే జాలీకి వెంట్రుకల ఉండ చుట్టుకుని ఉంది. పైమూల ఈ నాలుగు రోజుల్లో అల్లుకున్న సాలెగూడు అట్లాగే ఉంది. కమోడు పక్కన ముందు దిగినవాళ్ళ సబ్బు తుంట కరిగి అంటుకుపోయింది. ఆమె తడినేల మీదనే కూలబడింది. ఏడుపు రాలేదు. ఇన్ని నెలలు తను రుద్దింది దేన్నో అప్పుడు పూర్తిగా తెలిసింది. అది రుద్దితే పోయేది కాదు.

నెల తిరగకుండానే రేటింగు నాలుగు పాయింట్ ఏడుకు ఎక్కింది. శని ఆదివారాలకు గదులు ముందే నిండిపోతున్నాయి. వెన్నెల ఫీజు కట్టారు. ఆదివారాలు ఇల్లంతా జనం ఉండటంతో మొయినాబాదులో చర్చికి పోవడం కుదరలేదు. ఒక వారం, రెండు వారాలు, నాలుగు వారాలు అయింది. లోపలి గదిలో తలుపు వేసుకుని, గొంతు బయటికి రాకుండా ప్రార్థన చేసుకునేది. ఒకరోజు వీధిలో కూరగాయల బండివాడు ఎవరినో "ఈశ్వరమ్మా" అని పిలిస్తే గబుక్కున వెనక్కి తిరిగింది. వెన్నెల అది చూసింది. తల్లీకూతుళ్ళ మధ్య మాటలు తగ్గిపోయాయి.

అయిదో ఆదివారం జానకీదేవి వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఎస్తేరు చేతివంట తినాలని మనవడు పేచీ పెట్టాడట. మధ్యాహ్నం ముగ్గురూ హాల్లో భోజనాలకు కూర్చున్నారు. వెన్నెల వంటింట్లో అప్పడాలు వేయిస్తోంది. ఎస్తేరు వడ్డిస్తోంది.

"ఎస్తేరూ!"

గేటు దగ్గరినుంచి కేక. ఎస్తేరు చెయ్యి గిన్నెమీద ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. ఆ గొంతు దయానందంది. ఆలూరులో ఉండే పెద్దన్న. తల్లి పోయినప్పుడు ఎస్తేరుకు మూడేళ్ళు. కూలికి పోయి, ఆమెను భుజాన వేసుకుని పెంచినవాడు. చెల్లెలు నాలుగు వారాలుగా చర్చికి రాలేదని, ఒంట్లో బాగాలేదేమోనని ప్రార్థన ముగియగానే అటునుంచి అటే వచ్చాడు.

"ఎస్తేరూ, ఇంట్ల ఉన్నవా సెల్లే?"

"ఎవరినో పిలుస్తున్నారు," అంది జానకీదేవి. "ఈ ఎస్తేరు ఎవరు ఈశ్వరమ్మా? ఈ వీధిలో వాళ్ళు కూడా ఉన్నారా?"

"ఎర్కలేదమ్మా. ఇల్లు తప్పొచ్చినట్టున్నడు."

గేటుకూ గుమ్మానికీ మధ్య పది అడుగులు కూడా లేవు. పరదా సందులోంచి దయానందానికి చెల్లెలి వీపు కనిపిస్తోంది. మాటా వినిపించింది. అతను తెచ్చిన క్యారెట్ల సంచిని గేటు కొక్కేనికి తగిలించి, తువ్వాలు భుజాన వేసుకుని వెనుదిరిగాడు. కంకర మీద చెప్పుల చప్పుడు దూరమవుతోంది.

వంటింటి గుమ్మంలో వెన్నెల అప్పడాల పళ్ళెంతో నిలబడి ఉంది. తల్లి మొహంలోకి చూసింది. పళ్ళెం నేలమీద పెట్టేసి, వట్టి కాళ్ళతో బయటికి పరుగెత్తింది.

"మామా! ఆగు మామా! ఇల్లు ఇదే. ఎస్తేరమ్మ ఇల్లు ఇదే!"

వీధి వీధంతా వినపడేట్టు అరిచింది.

లోపల గంగాధరరావు ఎడంచేత్తో ఫోను అందుకుని అందులోకి చూడసాగాడు. "నానమ్మా, ఆంటీ పేరు ఈశ్వరమ్మ కదా?" అన్నాడు విహాన్. జానకీదేవి వేళ్ళు అన్నంలో ఆగిపోయాయి.

"మా అన్న అమ్మా," అంది ఎస్తేరు. మళ్ళీ, ఇంకా స్పష్టంగా అంది. "మా పెద్దన్న. నన్ను సాదినోడు."

జానకీదేవి గోడమీది పటం వంక చూసింది. తర్వాత ఎస్తేరు వంక చూసింది.

ఎస్తేరు మజ్జిగ గిన్నె తీసుకుని ఆమె గ్లాసు మీదికి వంగింది.

"మజ్జిగ పొయ్యనా అమ్మా?"

జానకీదేవి పొయ్యమనలేదు. వద్దనలేదు. ఎస్తేరు గిన్నె వెనక్కి తీసుకోకుండా, వంగినది వంగినట్టే నిలబడింది.