పోలమ్మ పాటకు చాలని గడి

హైమవతి పాటను సైటు నుంచి తీసేయగానే అది బల్ల సొరుగులోకి వచ్చి పడుతుంది. ఒళ్లంతా తడి, ఇసుక రాలుతోంది. ఆమె సొరుగులో పాత తువ్వాలు పరిచి పాటను దాని మీద పడుకోబెడుతుంది. పోయిన వారం పడిన పెళ్లిపాట ఫైళ్లన్నిటికీ పసుపు అంటించింది, ఇది నయం.

విశాఖలో ఒక పాటల వెబ్‌సైటుకు వచ్చే కాపీరైటు ఫిర్యాదులు చూడటం ఆమె ఉద్యోగం. ఫిర్యాదు వస్తే పాట తీసేయాలి, దాన్ని పెట్టినవాళ్లకు కబురు పంపాలి. మధ్యాహ్నం మూడులోగా జవాబు రాకపోతే పాట ఫిర్యాదు చేసినవాళ్లదే. ఈసారి ఫిర్యాదు చేసింది ఒక రికార్డింగు కంపెనీ. ఫిర్యాదు కాగితంలోని గడులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది. నిండిన గడులంటే హైమవతికి వల్లమాలిన ప్రేమ. పాటను ఒక్కసారైనా వినకుండానే తీసేసింది.

పదకొండింటికి పోలమ్మ వస్తుంది. ఆ పాటను ఫోనులో పట్టి సైటులో పెట్టింది ఆవిడే. పొద్దుటి నుంచి నలభైమంది వల తాడు పట్టుకుని ఒడ్డున నిలబడిపోయారట. నోరు తెరిస్తే పాట రావడం లేదట. పాట లేనిదే చేతులు ఒక్కసారిగా పడవు, వల కదలదు. లోపలి చేపలు ఓపిక పట్టాయి గానీ, మూడు దాటితే వెళ్లిపోతామని చెప్పేశాయట.

హైమవతి మనసు చివుక్కుమంటుంది. జవాబు కాగితం ముందుకు జరిపి, పాట కట్టినవారి పేరు అడుగుతుంది. ఆ గడిలో ఒక్క పేరే పడుతుంది.

“ఒకరు కట్టింది కాదు తల్లీ,” అంటుంది పోలమ్మ. “తాడు ముందట ఎవులుంటే ఆలు ఓ మాటంతారు. ఎనకున్నోలు అందుకుంతారు. మా తాతలకాడి నుంచీ అంతే.”

మీ పేరే రాసేయండి, గండం గడుస్తుంది అని హైమవతి నచ్చజెబుతుంది. పోలమ్మ పెన్ను కింద పెట్టేస్తుంది.

“నా ఒక్కదాని పేరు రాసీసినాననుకో, ఆ కంపినీకీ నాకూ తేడా ఏటుంతాది?”

హైమవతి కాగితాన్ని మళ్లీ తన ముందుకు లాక్కుంటుంది. స్కేలు తీసి గడి గీతలను కిందికి పొడిగిస్తుంది. కాగితం అయిపోతే బల్ల మీద, బల్ల అయిపోతే నేల మీద. గడి మెట్లు దిగి, బీచి రోడ్డు దాటి, ఇసుకలోకి పోతుంది. తాడు పట్టినవాళ్లు వంగి ఒక్కో చేత్తో పేర్లు రాస్తారు. పోలమ్మ మామగారు పోయి తొమ్మిదేళ్లయింది. ఆయనా వచ్చి వేలిముద్ర వేసి, కోడలెలా ఉందని అడిగి వెళ్తాడు. ఆఫీసు గడియారం మూడు కొట్టబోయి, కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంకా ఎంతమందున్నారని అడుగుతుంది. కొంచెమే అంటుంది హైమవతి. సరేనని అది ఆగుతుంది.

ఆమె పైకొచ్చేసరికి సొరుగు ఖాళీ. దూరం నుంచి నలభై గొంతులు వినిపిస్తాయి. కిటికీలోంచి వల తాడు వచ్చి ఆమె చేతిలో పడుతుంది. ఇప్పుడు తాడు ముందట ఉన్నది ఆమే. పోలమ్మ ఆమె వెనకే నిలబడి ఎదురుచూస్తుంది. హైమవతి జన్మలో పాడి ఎరగదు. సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

“గీత దాటి రండర్రా,” అంటుంది.

హైలెస్సా అని అందరూ అందుకుంటారు.

ఆమె లాగుతుంది. పట్టు పట్టుకూ ఒడ్డే ఒక్కో మెట్టు ఎక్కుతుంది, నలభైమందితో సహా. సంతోషంతో ఆమెకు ఏడుపొస్తుంది. వల కుర్చీ దాకా వచ్చి ఆగుతుంది. అందులో చేపల మధ్య, పదకొండేళ్లుగా ఆమె తీసేసిన పాటలన్నీ ఎగిరెగిరి పడుతున్నాయి, ఒక్కొక్కటీ తన పేర్ల వరసను తోకలా ఆడిస్తూ. పోలమ్మ పాట తోక చివర కొత్త గడి ఒకటి తెరుచుకుని ఉంది. అందులో హైమవతి పేరు, తడి ఆరకుండా, మొప్పలు కదిలిస్తూ ఊపిరి తీసుకుంటోంది.